ట్రేస్ వేసి ఉన్న ఉదయం

అశ్వారావుపేట పామాయిల్ మిల్లు గేటు ఎదురుగా, నాగక్క టీ హోటల్లో బెంచీ చివర కూర్చుని ట్రాక్టర్లు లెక్కపెడుతున్నాను. గేటు లోపల ఆరు, బయట రోడ్డు పక్కన పదిహేడు, అన్నిటి నిండా ఎర్రటి గెలలు, వాటిలో జయప్రకాశ్ వాళ్లది ఏదో తెలియదు. పొద్దున ఖమ్మంలో బస్సు దిగి ఫోన్ చేస్తే "మిల్లు దగ్గర లైన్లో ఉంటాను, రా" అన్నాడు, అంతే, ఎందుకని అడగలేదు, అడిగి ఉంటే ఫోన్లోనే చెప్పేసి అటునుంచి అటే హైదరాబాద్ బస్సెక్కేదాన్నేమో, అడగలేదు కాబట్టి సత్తుపల్లి మీదుగా మూడు గంటలు గతుకుల్లో ఊగుతూ వచ్చి ఇక్కడ దిగాను, దిగి మళ్లీ ఫోన్ చేస్తే డీజిల్ పైపు పగిలిందట, కొత్తది కొనడానికి ఊళ్లోకి పోయాడట, "ఒక గంట కూర్చో, బండి దగ్గర నాన్న ఉన్నాడు" అన్నాడు. గంట. ఇప్పుడు పదకొండు దాటి అయిదు నిమిషాలు. మిల్లులో ఉడుకుతున్న పండ్ల వాసన గొంతులో జిడ్డులా పేరుకుంటోంది, వాన వచ్చేలా ఉంది, రావడం లేదు, ఒళ్లో పెట్టుకున్న ప్లాస్టిక్ ఫైలు చేతి చెమటకు జారుతోంది, అందులో రెండు కాగితాలే ఉన్నాయి, వాటిని బస్సులో ఎన్నిసార్లు తీసి చూశానో, చూసిన ప్రతిసారీ అందులోని మాటలు ఇంకెవరో రాసినట్టు ఉన్నాయి. నాగక్క రెండో గ్లాసు పెట్టి, "ఎవలి కోసం కూసున్నవ్ బిడ్డా, గింత పరేషాన్‌గ ఉన్నవ్" అంది. "తెలిసినాయన వస్తడక్కా" అన్నాను. తెలిసినాయన. ఆరు నెలల కిందటిదాకా నాతో ఒకే గదిలో పనిచేసినాయన, నా వల్ల ఉద్యోగం పోయినాయన, నా వల్లనే పోయిందని ఇంకా తెలియనాయన.

ముందు ఏం చెప్పాలి, ట్రేస్ సంగతి చెప్పాలా, పరీక్ష చేసి చూసిన సంగతి చెప్పాలా. అతనికైతే అర్థమవుతుంది, రెండు ముక్కల్లో అర్థమవుతుంది, అదే భయం. వేరేవాళ్లకైతే మొదటినుంచి చెప్పొచ్చు, చెబుతూ చెబుతూ అసలు మాట దగ్గరికి రాకుండా ఎంతసేపైనా తిరగొచ్చు. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు, వాటి మందుల లెక్కలన్నీ ఒక పెద్ద మెయిన్‌ఫ్రేమ్ మీద, దాన్ని హైదరాబాద్‌లో కూర్చుని మేము నడిపేవాళ్లం. మన పదకొండున్నర వాళ్లకు తెల్లవారి ఆరు, ఆ వేళకి ఏ వార్డులో ఏ మంచానికి ఏ మందో జాబితా నర్సుల చేతికి అందాలి. ఆ జాబితా తయారుచేసే ప్రోగ్రాం, మా మాటల్లో జాబ్, జయప్రకాశ్‌ది. యంత్రం ఎలా నడుస్తోందో కనిపెట్టి ఉండే ఈవెంట్ మానిటర్ నాది. యంత్రంలో ఏ ప్రోగ్రాం ఏ క్షణాన ఏం అడిగింది, దేని కోసం ఆగింది, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారు, జరిగినవన్నీ రాసిపెడుతుంది, అలా రాయించడాన్నే ట్రేస్ వేయడం అంటాం. కానీ ఆ రాత పని కూడా ఆ యంత్రమే చేయాలి కదా, దానికీ సమయం పడుతుంది కదా, కొన్ని రకాలే రాయమంటే తెలియనంత, అన్నీ రాయమంటే మాత్రం ప్రోగ్రాం అడుగు తీసి అడుగు వేసేలోపు ఒక పేరా రాసినట్టు. ఇంకొకటి ఉంది. ఆ రాతకు పట్టిన సమయం మానిటర్ పేరు మీద చూపించదు. ఎవరిని కనిపెడుతున్నామో వాళ్ల పేరు మీదే చూపిస్తుంది. రిపోర్టు తీస్తే మానిటర్ ఏమీ తిననట్టే ఉంటుంది, ప్రోగ్రామే బద్ధకంగా నడిచినట్టు ఉంటుంది.

నన్ను ఎవరైనా చూస్తున్నారంటే నా చేతులూ అంతే, చిన్నప్పటినుంచీ. జూలూరుపాడు దగ్గర మా తండాలో నేను పూలిని, బడిలో వేసిన సారు రిజిస్టరులో పుష్పలత అని రాశాడు, పూలిగా ఎంత వేగంగా ఎక్కాలు చెప్పేదాన్నో పుష్పలతగా బోర్డు ముందు నిలబడితే అంత తడబడేదాన్ని, వెనక నలభై జతల కళ్లు, హాస్టల్లోనూ అంతే, కాలేజీలోనూ అంతే, ఉద్యోగంలో చేరాక మరీనూ. చేరిన మొదటి వారం క్యాంటీన్‌లో నా వెనక బల్ల దగ్గర ఎవరో "కోటా కేసు" అన్నారు, నవ్వారు, నేను తిరిగి చూడలేదు, చూస్తే ఎవరో తెలిసిపోతుంది, తెలిస్తే రోజూ వాళ్ల మొహం చూడాలి. ఆ మధ్యాహ్నం నుంచి కీబోర్డు మీద నా వేళ్లు కదిలేవి కావు. జయప్రకాశ్ అప్పుడే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు, ఓదార్చలేదు, ఆ మాట ఎత్తలేదు, "ఈ కమాండ్ నాకు కూడా మూడు నెలలు రాలేదు, నీకు ఇవాళ వచ్చిద్ది చూడు" అన్నాడు, సాయంత్రానికి వచ్చింది. పోయిన దసరాకి నాన్న భీమ్లా తండా అంతటికీ చెప్పుకున్నాడు, మా పూలి ఇంగ్లండు దవాఖానలకు మందులు పంపుతది అని, అమ్మ సక్రి నా చేతులు పట్టుకుని వేళ్లు చూసింది, ఈ వేళ్లతోనా అన్నట్టు. అవును అమ్మా, ఈ వేళ్లతోనే.

పదకొండూ ఇరవై. తెల్ల పంచె, భుజాన తువాలు, లైనులో ఒక ట్రాక్టరు మీంచి ఒక పెద్దాయన దిగి రోడ్డు దాటి వస్తున్నాడు, ఆ నడక, ఎడమ భుజం కొంచెం వంచి నడవడం, ఆ నడక నాకు తెలుసు, కొడుకుదీ అదే. ఆయన వచ్చి నా ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. వెంకటనారాయణగారు. జయప్రకాశ్ చెబుతుండేవాడు, నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మొదట పొగాకు, తర్వాత జీడిమామిడి, ఇప్పుడు పామాయిల్, ఏది వేసినా చెట్టు చెట్టుకీ పేరు పెట్టినట్టు చూసుకుంటాడని. నేను ఎవరో ఆయనకు తెలియదు. లేచి పోదామా అనుకున్నాను, లేవలేదు.

"చక్కెర లేకుండా ఇవ్వు నాగక్కా" అన్నాడాయన.

"ఎరికనే పెద్దయ్యా. బండి చెడిపోయిందంట గద, కొడుకు ఏడికి వోయిండు?"

"పైపు తేవడానికి పోయాడు."

"మీ కొడుకు పట్నంల కంప్యూటర్ల మీద పెద్ద నౌకరి చేసెటోడు గద, మళ్ల పోడా ఏంది?"

ఆయన గ్లాసు పట్టుకుని ఊదాడు. "ఏం పోతాడు, వాళ్లే పంపించేశారు. వేళకి రోగులకి మందు అందకుండా చేశాడంట. నాకు చెప్పలేదు, కాయితం ఇంకొకళ్ల చేత చదివించుకున్నా. నేనూ పొద్దున్నే సూది వేసుకునేవాణ్ణే, వేళకి పడకపోతే ఏమైద్దో నాకు తెలుసు. తప్పు చేయకపోతే అంత పెద్ద కంపెనీ ఎందుకు పంపిద్ది?"

"అడగకపోయిన్రా?"

"ఏం అడుగుతాం. ఎదిగిన కొడుకు" అన్నాడు. టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు, నా వైపు ఒకసారి చూశాడు, దారిన పోయే మనిషిని చూసినట్టే.

అప్పుడే చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. ఫైలు మూలని గోటితో గీకుతూ కూర్చున్నాను, తన కొడుకు తప్పు చేశాడని నమ్మిన మనిషి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని ఉంటే, ఈ చేతగానితనం కొత్తది కాదు, జనవరి పద్దెనిమిదిన కూడా ఇదే, అప్పుడు కూడా ఒక్క మాట చాలు. ఆ రోజు గురించి నాకు నేను ఆరు నెలలుగా చెప్పుకుంటున్న కథ ఒకటుంది. అంతకుముందు రెండు వారాలుగా ప్రోగ్రాములు ఒకదానికొకటి అడ్డం పడి ఆగిపోతున్నాయి, కారణం పట్టమని మా మేనేజరు రామకృష్ణ సార్ చెప్పారు, నేను పొద్దున తొమ్మిదికి ట్రేస్ వేశాను, ఆ అడ్డం పడేవి మాత్రమే రాయమని అడగాల్సింది, కాస్త ఎక్కువ సమాచారమే చేతిలో ఉంటుంది కదా అని అన్నీ రాయమన్నాను, తర్వాత వేరే పనిలో పడి మరిచిపోయాను, జూన్‌లో అదే జాబ్‌ని ట్రేస్‌తో ఒకసారి, ట్రేస్ లేకుండా ఒకసారి నడిపి పరీక్ష చేస్తే గానీ దాని బరువు ఎంతో నాకు తెలియలేదు. ఇదీ కథ. బాగుంటుంది, వినేవాళ్లు జాలిపడతారు, తెలియక జరిగిన పొరపాటు. ఫైలులో రెండో కాగితం, కంపెనీకి రాసిన ఉత్తరం, అందులో కూడా మొదట అలాగే రాశాను, తెలియక అని. తర్వాత ఆ మాట కొట్టేశాను, మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను.

ఎందుకంటే పదిన్నర దాటాక అతను ఫోన్ చేశాడు. ఒకే గదిలో ఉన్నాం, మధ్యలో నాలుగు బల్లలు, అయినా ఫోన్ చేశాడు, లేచి వచ్చే తీరిక లేదు, "పుష్పా, తొమ్మిదిన్నరకి మొదలైన జాబ్ ఇంకా అవలేదు, నీ వైపు ట్రేస్ ఏమన్నా వేశావా?" అని అడిగాడు. నా ఎదురుగా తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది, ట్రేస్ నడుస్తోందని. మరిచిపోలేదు. చూస్తూనే ఉన్నాను. నా వెనక రామకృష్ణ సార్ నిలబడి ఇంకెవరితోనో మాట్లాడుతున్నారు, నేను అవునంటే ఆయన వింటారు, క్యాంటీన్‌లో వెనక బల్ల వాళ్లు వింటారు, వాళ్లు అన్నదే నిజమవుతుంది, నా ఒక్కదానిదే కాదు, నా తర్వాత ఏ తండా నుంచి ఎవరొచ్చినా వాళ్ల మీద కూడా పడుతుంది, ఇవన్నీ అనుకున్నానా ఆ క్షణంలో, లేక ఇప్పుడు అందంగా పేరుస్తున్నానా, బహుశా ఏమీ అనుకోలేదు, భయపడ్డాను, అంతే. "లేదు" అన్నాను. ఫోన్ పెట్టగానే ట్రేస్ తీసేద్దాం, జాబ్ దానంతటదే వేగం అందుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు అనుకున్నాను, తీసేశాను కూడా, రెండు నిమిషాల్లో. కానీ ఆ రెండు నిమిషాల్లో అతను జాబ్‌ని ఆపేశాడు. నేను లేదన్నాను కాబట్టి తన ప్రోగ్రామే ఎక్కడో గిర్రున తిరుగుతోందని నమ్మాడు, నమ్మి ఆపేశాడు. నడుస్తున్నదాన్ని మధ్యలో ఆపితే యంత్రం అప్పటిదాకా చేసిందంతా ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటుంది, దానికే గంటకు పైగా పట్టింది, ఆ తర్వాత మళ్లీ మొదటినుంచి. పదకొండున్నరకు అందాల్సిన జాబితాలు ఒంటిగంటకు అందాయి. ఆపకుండా వదిలేస్తే, ట్రేస్ ఉన్నా సరే, పదకొండూ అయిదుకల్లా అయిపోయేది. ఇది కూడా జూన్‌లోనే లెక్క తేలింది. ఆ లెక్క తేలిన రోజు బాత్రూంలోకి పోయి నీళ్లు వదిలి కూర్చున్నాను, ఎంతసేపో.

ఒక వార్డులో పదకొండో మంచం మీద ఒక ముసలామెకు సూది మందు ఆలస్యమై స్పృహ తప్పింది. తేరుకుంది, వారం తర్వాత ఇంటికి పోయింది, ఆ వారం నేను పొద్దున్నే మెయిల్ తెరిచేముందు కళ్లు మూసుకునేదాన్ని. ఆసుపత్రులవాళ్లు ఎవరి తప్పో పేరు కావాలన్నారు. మీటింగులో నా మానిటర్ రిపోర్టే బల్ల మీద పెట్టారు, జయప్రకాశ్ ప్రోగ్రాం రెండింతలకు పైగా సమయం తిన్నట్టు అందులో స్పష్టంగా ఉంది, పైగా అడగకుండా జాబ్ ఆపాడు, అజాగ్రత్త అని రాశారు. అతను ఒక్కసారి నా వైపు చూశాడు. అనుమానంగా కాదు, అది ఉంటే బాగుండేది, నువ్వైనా చూడు నాకేమీ అంతుపట్టడం లేదు అన్నట్టు చూశాడు. నేను రిపోర్టులో పేజీ తిప్పాను. వెళ్లిపోయే రోజు తన కీబోర్డు తుడిచి, నాకు ఒక నోట్‌బుక్ ఇచ్చి పోయాడు, అందులో తను నేర్చుకున్న కిటుకులన్నీ ఉన్నాయి, దాన్ని ఇప్పటివరకు తెరవలేదు.

స్కూటర్ ఆగింది. చేతిలో నల్లటి రబ్బరు పైపు, మోచేతులదాకా గ్రీజు, ఎండకు నల్లబడ్డాడు, చిక్కాడు, నవ్వాడు. "ఎంతసేపయింది వచ్చి? టీ తాగావా? నాన్నా, ఈ అమ్మాయి మా ఆఫీసులో పనిచేసిద్ది, పుష్పలత" అన్నాడు. వెంకటనారాయణగారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు, ఇందాక తను అన్నదంతా నేను విన్నానని ఆయనకు తట్టింది. నేను లేచి నిలబడ్డాను. బస్సులో అల్లుకున్న వాక్యాలు ఒక్కటీ లేవు.

"ఆ రోజు మీరు ఫోన్ చేసినప్పుడు ట్రేస్ ఆన్‌ల ఉంది" అన్నాను. ఆఫీసులో ఎప్పుడూ రాని మా ఊరి మాట వచ్చింది. "అన్ని రకాలూ వేసిన. నేను చూస్తనే లేదని చెప్పిన. మీరు ఫోన్ పెట్టినంక తీసేసిన."

అతను పైపుని బెంచీ మీద పెట్టాడు. "చూస్తూనే?"

"చూస్తనే."

"నువ్వు అవునని ఉంటే ఆపేవాణ్ణి కాదు."

"ఎరుకే."

"ఆరు నెలలు పుష్పా." గొంతు పెంచలేదు. "నా కోడ్ ఎన్నిసార్లు చదివానో తెలుసా? ఇక్కడికి వచ్చాక కూడా, కాయితాల మీద రాసుకుని, లైను లైనూ. ఎక్కడ తప్పిందో దొరక్క, నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నా." అటు తిరిగి నిలబడ్డాడు. క్షమించమని అడగాలని వచ్చాను, అడిగితే ఆ మాట అతను మోయాలి, అడగలేకపోయాను.

వెంకటనారాయణగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఏంటమ్మా ఇది, నాకు తెలిసేలా చెప్పు."

"తప్పు మీ అబ్బాయిది కాదండీ. నాది. ఆయన నన్ను అడిగిండు, నేను అబద్ధం చెప్పిన, ఆ అబద్ధం నమ్మి ఆయన చేసిందానికి నౌకరి పోయింది. మందులు ఆలస్యమయింది నా వల్ల."

ఆయన తువాలు తీసి ఒళ్లో పెట్టుకుని మడత పెట్టారు, విప్పారు, మళ్లీ మడత పెట్టారు. "ఇది నాకు చెబితే ఏముంది. వాళ్లకి చెప్పావా?"

"చెప్తనండీ. రాసుకొచ్చిన."

"ఎప్పుడు చెబుతావ్?"

కోపం లేదు ఆ ప్రశ్నలో, ఎప్పుడు అని మాత్రమే అడిగారు. సోమవారం అనుకున్నాను, జయప్రకాశ్‌తో మాట్లాడాక అనుకున్నాను, సోమవారానికి ముందు ఆదివారం ఉంది, ఆదివారం నాడు నేను మళ్లీ ఆ కాగితంలో తెలియక అని రాస్తాను, నాకు నేను తెలుసు. ఫోన్ తీశాను. రామకృష్ణ సార్ నాలుగో రింగుకి ఎత్తారు, శనివారం, వెనక పిల్లల గోల. తేదీ చెప్పాను, ట్రేస్ అన్నాను, అబద్ధం అన్నాను, మధ్యలో ఆగలేదు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. అవతల పిల్లల గోల దూరమైంది, తలుపు మూసిన చప్పుడు.

"ఎక్కడున్నావ్? ఎవరైనా నిన్ను బలవంతపెడుతున్నారా?"

"లేదు సార్."

"చూడమ్మా, అయిపోయిన విషయం. సోమవారం నా క్యాబిన్‌కి రా, మాట్లాడదాం. అప్పటిదాకా ఎవరికీ ఏమీ రాసి పంపకు. నీ మంచికే చెబుతున్నా."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ మాట చల్లగా తగిలింది. జయప్రకాశ్ తిరిగి చూస్తున్నాడు. "ఇవ్వాళనే పంపుతున్న సార్. మీకు, ఆసుపత్రులవాళ్లకు, ఇద్దరికీ" అని పెట్టేశాను. ఊళ్లో నెట్ సెంటర్ బస్టాండు పక్కనే ఉంది, వచ్చేటప్పుడే బస్సులోంచి చూశాను. ఫైలులోంచి మొదటి కాగితం, పరీక్ష లెక్కలున్నది, తీసి జయప్రకాశ్‌కి ఇచ్చాను, అందుకోలేదు, బెంచీ మీద పెట్టాను. వెనక ట్రాక్టరు హారన్ కొట్టింది, లైను కదిలింది, "జరుగు జరుగు" అని ఎవరో అరిచారు. అతను పైపు తీసుకుని రోడ్డు దాటి పోయాడు, బానెట్ కింద వంగి బిగించాడు, ఒకసారి దగ్గి ఇంజను అందుకుంది. వెంకటనారాయణగారు నెమ్మదిగా లేచి ఆ కాగితాన్ని తీసుకుని, చదవడం రాకపోయినా, తడవకుండా తువాలులో చుట్టుకుని కొడుకు వైపు నడిచారు. అంతసేపూ ఆగిన వాన అప్పుడు మొదలైంది.

నేనూ రోడ్డు దాటాను. అతను స్టీరింగు పట్టుకుని ముందున్న బండినే చూస్తున్నాడు, నన్ను చూడలేదు. ఇంజను చప్పుడులో గట్టిగా అడిగాడు.

"ట్రేస్ తీసేసి నడిపి చూశావా?"

"చూసిన."

"ఎంత పట్టింది?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు."

అతని చెయ్యి గేరు మీద ఆగింది. "నలభై లోపే అయిద్దని మీటింగులో చెప్పా" అన్నాడు. "ఒక్కడూ నమ్మలేదు." మొహం మీద వాననీళ్లు, తుడుచుకోలేదు. గేరు వేశాడు. ట్రాక్టరు గెలల బరువుతో ఊగుతూ కాటా వైపు కదిలింది, వెనక తొట్టి అంచు పట్టుకుని వెంకటనారాయణగారు కొడుకుని ఏదో అడుగుతున్నారు, కొడుకు తల వెనక్కి తిప్పి చాలాసేపు ఏదో చెబుతున్నాడు. నాకు వినపడలేదు. నేను బస్టాండు దారి పట్టాను.